రంగు పోయింది సరే, ఎక్కడికి పోయింది?

జూన్‌లో కొత్త యూనిఫాం కుట్టించిన ప్రతి ఇంట్లోనూ జరిగేదే ఇది. మొదటిసారి తడిపిన రోజు బకెట్‌లో నీళ్లు నీలంగా మారతాయి. అమ్మ చూసి "రంగు పోతోంది, దీన్ని విడిగా ఉతకాలి" అంటుంది. ఆ నీళ్లు పెరట్లోనో, వీధి కాలవలోనో పారబోస్తాం. నాలుగు ఉతుకుల తర్వాత నీళ్లు తేటగా వస్తాయి. ఇక రంగు పోవడం ఆగిందనుకుని మర్చిపోతాం.

ఎనిమిదో తరగతిలో నీటి కాలుష్యం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ బకెట్ ఉదాహరణే చెప్పాను. "రంగు పోయింది అంటాం కదా, ఎక్కడికి పోయింది?" అని అడిగాను. కాలవలోకి, చెరువులోకి, భూమిలోకి అని పిల్లలు జవాబులు చెప్పారు. అందరూ చెప్పాక వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మేడం, మా ఇంట్లో వారానికి రెండుసార్లు నూలుకి రంగేస్తారు. ఆ నీళ్లు కూడా కాలవలోకే పోతాయి. అది తప్పేటి మేడం?"

క్లాసంతా నా వైపు చూసింది. పాఠ్యపుస్తకం ప్రకారం తప్పే అని చెప్పి కూర్చోబెట్టడం తేలిక. కానీ ఆ నూలు రంగు మీద వచ్చే డబ్బుతోనే ఆ పిల్ల స్కూలు ఫీజు కడుతున్నారు. తప్పు అన్నాక, మరి ఏం చేయాలో కూడా చెప్పగలగాలి కదా. "తెలుసుకుని చెప్తాను" అన్నాను. తెలుసుకోవడానికి దాదాపు నెలన్నర పట్టింది. ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు.

మన పొందూరుకి పేరు తెచ్చింది రంగు కాదు, తెలుపు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నగా వడికి నేసే మన ఖాదీలో పేరు మోసినది తెల్ల పంచే. పత్తికి పుట్టుకతో ఉన్న ఛాయ తప్ప అందులో వేరే రంగు లేదు. కానీ మార్కెట్‌కి చీర అంచులు కావాలి, చుడీదార్ గుడ్డ కావాలి, షర్టు గుడ్డలో ముదురు రంగులు కావాలి. తెలుపు ఒక్కటే నేస్తే అందరికీ గడవదు. అందుకే కొన్ని ఇళ్లలో నూలు చిలపలు రంగు తొట్టిలోకి దిగుతాయి.

ఇప్పుడు నూలుకి ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు రాటీ, స్టీఫెన్ 1950ల మధ్యలో వీటిని కనిపెట్టారు. 1956లో ఇవి మార్కెట్లోకి వచ్చాయి. వీటి గొప్పతనం ఏమిటంటే, రంగు నూలు మీద పూతలా ఉండదు, నూలు పోగుతో రసాయన బంధం వేసుకుంటుంది. అందుకే ఎన్ని ఉతుకులైనా నిలుస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. రంగు అణువు నూలుతో బంధం వేసుకున్నట్టే నీటితోనూ వేసుకోగలదు. నీటితో ముడిపడిన అణువు ఇక నూలుకి పట్టదు. ఎంత జాగ్రత్తగా వేసినా కొంత రంగు ఇలా వృథాగా నీటిలో మిగులుతుంది. రంగునీ, పద్ధతినీ బట్టి అది పదో వంతు కావచ్చు, మూడో వంతు కూడా కావచ్చు.

ఒక కేజీ నూలుకి 30 గ్రాముల రంగు వేశారనుకుందాం. అందులో ఐదో వంతు, అంటే 6 గ్రాములు, నీటిలో మిగిలింది. ఒక టీ చెంచాడు. కానీ లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము రంగున్నా కంటికి తెలుస్తుంది. ఆ లెక్కన ఆ టీ చెంచాడు రంగు 6,000 లీటర్ల నీళ్లకి రంగు తేగలదు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఆరు!

రంగు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. కనిపించనిది ఉప్పు. రియాక్టివ్ రంగు నూలు వైపు వెళ్లాలంటే లీటరు నీటికి 40 నుంచి 80 గ్రాముల ఉప్పు వేస్తారు. ఆ తర్వాత బంధం పడడానికి సోడా వేస్తారు. 20 లీటర్ల తొట్టికి లీటరుకి 50 గ్రాముల చొప్పున వేస్తే ఒక కేజీ ఉప్పు. నూలు ఆ ఉప్పును తినదు, మొత్తం నీటిలోనే ఉంటుంది. తాగే నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ కేజీ ఉప్పు ఆ స్థాయికి పలచబడాలంటే 2,000 లీటర్ల ఉప్పు లేని నీళ్లు కావాలి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి అమ్మలకు ఒక చిన్న మాట. కొత్త బట్టలు ఉప్పునీళ్లలో నానబెడితే రంగు గట్టిపడుతుందని మనందరి ఇళ్లలో నమ్మకం. మా అమ్మ ఇప్పటికీ అదే చేస్తుంది. ఉప్పు పనిచేసేది రంగు వేసేటప్పుడు. బట్ట తయారై వచ్చాక అందులో బంధం పడకుండా మిగిలిన రంగును ఉప్పు కట్టలేదు. చల్లటి నీళ్లలో విడిగా మూడు నాలుగు సార్లు జాడిస్తే ఆ మిగులు రంగు దానంతట అదే అయిపోతుంది. ఉప్పు వేస్తే కాలవలోకి ఉప్పు కూడా వెళుతుంది, అంతే.

"బ్లీచింగ్ వేస్తే తెల్లగైపోనాయి కదా!"

ఆ అమ్మాయి నాన్నగారు ఒక శనివారం స్కూలుకి వచ్చారు. మాటల్లో ఆయన చెప్పింది ఇది. "కాలవ ఎర్రగా కనబడితే పక్కోళ్లు గొడవ చేస్తారు మేడం. అందుకని బ్లీచింగ్ పౌడర్ వేస్తాను. నీళ్లు తెల్లగైపోనాయి కదా, ఇంకేటి?"

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మనమందరం కంటితోనే నీటిని కొలుస్తాం. నేను మాటల్లో జవాబివ్వకుండా ఆయన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లాను. సీసాలో నీళ్లు, కొంచెం గ్లూకోజు, కొంచెం కాస్టిక్ సోడా, రెండు చుక్కల మిథిలీన్ బ్లూ కలిపి బల్ల మీద కదపకుండా పెట్టాను. నీలం నీళ్లు మెల్లగా తేటపడి కొన్ని నిమిషాల్లో రంగు లేకుండా అయిపోయాయి. "రంగు పోనాది" అన్నారాయన. సీసా మూత బిగించి నాలుగుసార్లు గట్టిగా కుదిపాను. నీళ్లు మళ్లీ నీలంగా మారాయి. గ్లూకోజు రంగు అణువు రూపాన్ని మార్చింది, గాలిలోని ఆక్సిజన్ పాత రూపానికి తెచ్చింది. అణువు అంతసేపూ సీసాలోనే ఉంది. ఇది చాలా పాత ప్రయోగం, హైస్కూలు పిల్లలకి మేజిక్ లాగా చూపిస్తుంటాం. ఆ రోజు మాత్రం మేజిక్ అనిపించలేదు. ఆయన సీసా చేతిలోకి తీసుకుని తానే ఇంకో రెండుసార్లు కుదిపి చూశారు.

బ్లీచింగ్ పౌడర్‌తో జరిగేది సరిగ్గా ఇదే కాదు కానీ పోలిక ఉంది. క్లోరిన్ రంగు అణువులో రంగునిచ్చే భాగాన్ని దెబ్బకొడుతుంది. మిగతా ముక్కలు నీటిలోనే ఉంటాయి, కొన్ని క్లోరిన్‌ను కలుపుకుని కొత్త పదార్థాలుగా మారతాయి. కాలవ అడుగు బురదలోనూ ఇలాంటిదే జరుగుతుంది. బట్టల రంగుల్లో చాలావాటిని అజో రంగులంటారు. రెండు నైట్రోజన్ పరమాణువుల జంట వాటికి నడుములాంటిది. గాలి తగలని బురదలో బాక్టీరియా ఆ నడుమును విరుస్తుంది. రంగు పోతుంది. విరిగిన ముక్కలు కొన్ని రకాల్లో ఆరోమాటిక్ అమైన్లు అనే పదార్థాలవుతాయి, వాటిలో కొన్నింటికి క్యాన్సర్ కలిగించే గుణం ఉంది. అలాంటి ముక్కలనిచ్చే అజో రంగులను మన దేశం 1997లో నిషేధించింది కూడా. కాబట్టి రంగు ప్యాకెట్ కొనేటప్పుడు పేరు, తయారీదారు వివరాలు లేని లూజు పొడి కొనవద్దని ఆయనకి చెప్పాను.

పటిక, సున్నం వేస్తే? రంగు ముద్దకట్టి అడుగుకి దిగుతుంది. నీరు తేరుతుంది, రంగంతా బురదలోకి చేరుతుంది. బొగ్గుపొడిలో వడగడితే రంగు బొగ్గులోకి చేరుతుంది. ఇవన్నీ పనికొచ్చే పద్ధతులే, పెద్ద ఫ్యాక్టరీలు వాడేవే. కానీ రంగు ఇల్లు మారిందే తప్ప లేకుండా పోలేదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో తిరుప్పూరు చూపించింది. బనియన్ల ఊరది, మన పిల్లల టీషర్టులు కూడా చాలా అక్కడివే. అద్దకం నీళ్లు నొయ్యల్ నదిలోకి ఏళ్ల తరబడి వెళ్లాయి. సాగు కోసం 1992లో ఆ నది మీద కట్టిన ఒరత్తుపాళయం డ్యాం, రైతులు వద్దనే నీళ్లు నిలిచే చోటయింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. సుమారు 700 యూనిట్లు ఒక్కసారిగా ఆగాయి, వేలమంది పని పోయింది. ఒక్క చుక్క కూడా బయటికి వదలకుండా నీటిని మళ్లీ వాడుకునే ఏర్పాటు చేసుకున్నవే తిరిగి తెరుచుకున్నాయి. మన రాష్ట్రంలో నగరి ప్రాంతంలోనూ అద్దకం నీళ్లు కుశస్థలి నదిలో కలుస్తున్నాయన్న ఫిర్యాదు ఏనాటి నుంచో ఉంది. పొందూరులో పని ఆ స్థాయిలో లేదు. లేదు కాబట్టే ఇప్పుడు మాట్లాడుకోవడం తేలిక.

వెలుతురుతో కోసే కత్తి

రంగును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చకుండా, అణువునే ముక్కలు ముక్కలుగా విడగొట్టే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు కాంతి ఉత్ప్రేరణ. ఉత్ప్రేరకం అంటే తాను ఖర్చవకుండా పని జరిపించేది అని మీ పిల్లలు మీకు చెప్పగలరు. ఇక్కడ ఉత్ప్రేరకం ఒక తెల్లటి పొడి. దాని మీద వెలుతురు పడితేనే పనిచేస్తుంది.

కథ 1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో మొదలైంది. అకిరా ఫుజిషిమా అనే పరిశోధక విద్యార్థి, తన ప్రొఫెసర్ కెనిచి హోండా దగ్గర పనిచేస్తూ, నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడ్ మీద కాంతి వేశాడు. నీటిలో బుడగలు లేచాయి. నీరు ఆక్సిజన్, హైడ్రోజన్‌గా విడిపోతోంది! ఇది 1972లో నేచర్ పత్రికలో వచ్చాక ప్రపంచమంతా దాని వెంట పడింది. నీటి నుంచి ఇంధనం తీయాలన్నది అప్పటి ఆశ. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ అనే శాస్త్రవేత్తలు ఇదే పొడితో నీటిలోని సైనైడ్‌ను విరగ్గొట్టవచ్చని చూపించారు. విషాన్ని విరగ్గొట్టేది రంగునెందుకు విరగ్గొట్టదు? అలా మొదలైంది.

లోపల జరిగేది ఇది. పొడిలో ఎలక్ట్రాన్లు కింది అంతస్తులో కూర్చుని ఉంటాయనుకోండి. పై అంతస్తు ఖాళీ. తగినంత బలమైన కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ పై అంతస్తుకి ఎగురుతుంది. కింద దాని సీటు ఖాళీ అవుతుంది. పైకెగిరిన ఎలక్ట్రాన్ నీటిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. కింద ఖాళీ అయిన సీటు తనని నింపుకోడానికి పక్కనున్న నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. ఈ లాగులాటలో హైడ్రాక్సిల్ రాడికల్ అనేది పుడుతుంది. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు చొప్పున లెక్కించాల్సినంత చిన్నది. ఆ కాస్త వ్యవధిలోనే పక్కనున్న ఏ సేంద్రియ అణువునైనా కరుస్తుంది. క్లోరిన్ కన్నా, ఓజోన్ కన్నా దాని కాటు బలమైనది. కరిచీ కరిచీ చివరికి రంగు అణువులోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ నీరుగా, నైట్రోజన్, గంధకం మామూలు లవణాలుగా మిగులుతాయి.

రెండు మెలికలున్నాయి. ఎగిరిన ఎలక్ట్రాన్ ఏ పనీ చేయకుండానే తిరిగి తన సీట్లోకి దిగిపోవచ్చు. చాలాసార్లు అదే జరుగుతుంది, కాంతి అంతా వృథా. రెండోది, ఎగరాలంటే ఒక్క గెంతులోనే ఎగరాలి. అటక మీదకి కొబ్బరికాయ విసరాలంటే సగం ఎత్తుకి పదిసార్లు విసిరినా లాభం లేదు కదా. టైటానియం డయాక్సైడ్‌లో ఆ ఎత్తుకి సరిపోయేది అతినీలలోహిత కాంతి మాత్రమే. మన మీద పడే ఎండలో అది నూటికి నాలుగైదు వంతులే. అందుకే ఈ పొడిలో వేరే మూలకాలు కలిపి, మామూలు వెలుతురుకి కూడా పనిచేసేలా చేయాలని పరిశోధనలు జరుగుతున్నాయి.

నానో అన్న మాట ఇక్కడెందుకొచ్చిందంటే, ఆ హైడ్రాక్సిల్ రాడికల్ పొడి రేణువు అంచు దాటి దూరం వెళ్లలేదు. పనంతా ఉపరితలం మీదే. ఒక సెంటీమీటరు ఘనానికి ఆరు ముఖాలు, మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల చిన్న ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో 700 గజాలకు పైన! పాచిక అంత ముక్కలోంచి మూడు ఇళ్ల స్థలం బయటికొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్క చేసి నమ్మలేక మళ్లీ చేశారు. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే చేయించి చూడండి.

ఈ టైటానియం ఎక్కడో దొరికేది కూడా కాదు. కళింగపట్నం బీచ్‌లో కాళ్లకి అంటుకునే నల్ల ఇసుక గుర్తుందా? అందులో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసినది. గోడల తెల్ల పెయింటులోకి, మందుబిళ్లల తెల్ల పూతలోకి వెళ్లే టైటానియం డయాక్సైడ్‌ను ఇలాంటి ఖనిజాల నుంచే తీస్తారు. అయితే ఇసుకలోంచి ఆ తెల్లపొడి తీయడం కూడా శుభ్రమైన పనేమీ కాదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తీసే పద్ధతిలో బోలెడంత ఆమ్ల వ్యర్థం మిగులుతుంది.

మూడు సీసాలు

మా ల్యాబ్‌లో టైటానియం పొడి లేదు. అదే పని చేసే జింక్ ఆక్సైడ్ ఉంది. నానో కాదు, మామూలు పొడి. మూడు గాజు సీసాల్లో లేత నీలంగా మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లు పోశాం. మొదటిదాంట్లో పొడి వేయలేదు, ఎండలో పెట్టాం. రెండోదాంట్లో పొడి వేసి నల్లకాగితం చుట్టి బీరువాలో పెట్టాం. మూడోదాంట్లో పొడి వేసి ఎండలో పెట్టాం. ఉదయం పదిన్నర నుంచి లంచ్ బెల్ దాకా, పది నిమిషాలకోసారి ఒకరు వెళ్లి కలిపి రావాలి. ఆ డ్యూటీ కోసం కొట్టుకున్నారు!

లంచ్ టైముకి మూడో సీసాలో నీళ్లు తెల్లబడ్డాయి. మొదటి సీసా కొంచెం వెలిసింది, అంతే. ఆశ్చర్యం రెండో సీసాలో ఎదురైంది. వెలుతురే తగలకపోయినా అందులోనూ రంగు కొంచెం తగ్గింది. "మన ప్రయోగం తప్పింది మేడం" అన్నారు పిల్లలు. అడుగున ఉన్న పొడిని చూడమన్నాను. తెల్లపొడి లేత నీలంగా ఉంది. రంగు పొడికి అంటుకుంది, విరగలేదు. రెండో సీసా లేకుండా మూడోది ఒక్కటే చూసి ఉంటే మేమూ పొరపాటు పడేవాళ్లం. చీకట్లో పెట్టే సీసా ఎందుకో ఆ రోజు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడో సీసా తెల్లబడగానే పని అయిపోయిందా? అది కూడా కాదు. రంగునిచ్చే బంధం ముందుగా తెగుతుంది. అప్పుడే నీరు తేటగా కనిపిస్తుంది. మిగతా ముక్కలు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ అవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అందుకే పరిశోధకులు రంగును మాత్రమే చూడరు, నీటిలో ఇంకా ఎంత సేంద్రియ కార్బన్ మిగిలిందో కొలుస్తారు. రంగుల తొలగింపు మీద మీ పిల్లలు ప్రాజెక్టు చేస్తే, "తెల్లబడ్డాక ఎంతసేపు ఉంచారు?" అని అడగండి. మంచి ప్రశ్న.

అయితే మన ఊళ్లో పెట్టేయొచ్చు కదా?

ఎండ ఉంది, ఇసుక ఉంది, రంగునీళ్లున్నాయి. ఆ అమ్మాయి నాన్నగారు అడిగిందీ ఇదే. నేను కూడా మొదట అలాగే ఉత్సాహపడ్డాను. చదివేకొద్దీ కాళ్లు నేల మీదకి వచ్చాయి.

మా సీసాలో నీళ్లు ఆకాశం రంగు. రంగు తొట్టిలో నీళ్లు సిరాలా ఉంటాయి. అందులోకి వెలుతురు దిగదు. పైన పలచటి పొరలోనే రంగు మొత్తం ఎండను తినేస్తుంది, అడుగున పొడి చీకట్లో కూర్చుంటుంది. పైగా తొట్టిలో ఉన్న ఉప్పు, సోడా ఊరుకోవు. రంగును కరవాల్సిన రాడికల్స్‌ను అవే తమ వైపు లాగేసుకుంటాయి. అంటే రంగు వేయడానికి ఏవి వాడామో అవే రంగు తీయడానికి అడ్డం. ఇక పొడి ఎంత సన్నగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది, కానీ అంత సన్నని పొడిని నీటిలోంచి తిరిగి తీయడం గగనం. గుడ్డలో వడగడితే దిగిపోతుంది, రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. రంగు తీయబోయి నానో పొడిని చెరువులో కలిపినట్టవుతుంది. నిరపాయమనుకున్న టైటానియం డయాక్సైడ్‌నే ఆహార పదార్థాల్లో వాడవద్దని యూరోపియన్ యూనియన్ 2022లో నిర్ణయించింది. కాబట్టి ఎవరైనా నానో పౌడర్ అని ప్యాకెట్ అమ్మితే తెచ్చి ఇంటి తొట్టిలో వేయకండి.

ఈ చిక్కులకి జవాబులు వెతుకుతున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు హెచ్-ఆసిడ్ అనే పదార్థం మీద చేసిన పని 2003లో ప్రచురితమైంది. అజో రంగుల తయారీలో వాడే ముడిసరుకది, బాక్టీరియాకి ఒక పట్టాన లొంగదు. టైటానియం డయాక్సైడ్‌ను నీటిలో కలిపి ఒకసారి, పలచని పొరగా అతికించి దాని మీదుగా నీటిని పంపి ఒకసారి, రెండు విధాలా పరీక్షించారు. పొరగా అతికిస్తే పొడిని వడగట్టే బాధ ఉండదు. ఉపరితలం మాత్రం కొంత తగ్గుతుంది. వేరేచోట్ల రేణువు మధ్యలో ఇనుప ఆక్సైడ్ పెట్టి, పని అయ్యాక అయస్కాంతంతో లాగే పద్ధతులు ప్రయత్నిస్తున్నారు. స్పెయిన్‌లో అల్మేరియా దగ్గరున్న సౌర పరిశోధన కేంద్రంలో అద్దాల తొట్ల మధ్య గాజు గొట్టాల్లో నీటిని తిప్పుతూ ఎండతోనే శుద్ధి చేసి చూశారు.

నాకు అర్థమైనంతలో, ఈ పద్ధతి చివరి మెట్టు మీద పనికొస్తుంది. ముందు పటికతోనో, బాక్టీరియాతోనో రంగును చాలావరకు తగ్గించి, మిగిలిన మొండి రంగును విరగ్గొట్టడానికి. అప్పుడైనా ఉప్పు అలాగే ఉంటుంది. ఎంత ఎండ కాసినా, ఎంత మంచి ఉత్ప్రేరకమైనా ఉప్పును ఏమీ చేయలేదు. తిరుప్పూరులో ఖర్చంతా తెచ్చిపెట్టింది ఆ ఉప్పే.

కాబట్టి నెలన్నర తర్వాత నేను ఆ ఇంటికి చెప్పగలిగింది నానో సంగతి కాదు. రంగు, ఉప్పు చేతి అంచనాతో కాకుండా తూకం వేసి వేయండి అన్నాను. ఆఖరి జాడింపు నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి, వాటిని పారబోయకుండా డ్రమ్ములో ఉంచి తర్వాతి వాయికి మొదటి జాడింపుగా వాడమన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, చిక్కటి మొదటి నీళ్లను జాడింపు నీళ్లతో కలపవద్దన్నాను. విషమంతా ఆ 20 లీటర్లలోనే ఎక్కువ. నౌపడ ఉప్పు మడులు చూసిన మనకి ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు చదరపు మీటర్ల సిమెంటు మడి, అందులో ఒక సెంటీమీటరు లోతు, సరిగ్గా 20 లీటర్లు పడుతుంది. మంచి ఎండల్లో రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. వానలప్పుడు పైన రేకు కప్పాలి, అప్పుడు ఆలస్యమవుతుంది. పిల్లల్ని, కోళ్లని అటు పోనివ్వకూడదు.

ఇది శుద్ధి కాదని ఆ అమ్మాయే నాకు గుర్తుచేసింది. "మేడం, ఇది కూడా ఇల్లు మారడమే కదా?" అవును. కాకపోతే చెరువులోకి కాకుండా మన కళ్ల ముందున్న మడిలోకి మారింది. అడుగున మిగిలిన రంగు ఉప్పును గీకి గోనెసంచిలో వేస్తున్నారు. దాన్ని ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి వాళ్లకి ఉత్తరం రాద్దామని ఎనిమిదో తరగతి వాళ్లు అంటున్నారు, ఇంగ్లిష్ పీరియడ్‌లో ఫార్మల్ లెటర్‌గా అదే రాయిస్తున్నాను.

మూడు సీసాలూ ల్యాబ్ కిటికీ దగ్గర ఉంచాం, పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు చూడొచ్చు. గోనెసంచిని మొన్న ఆ అమ్మాయి తూకం వేసింది. నెల రోజులకి ఏడు కేజీల పైచిలుకు ఉందట.